హాస్టల్లో ఉన్న అమ్మ

మొదటే చెప్పేస్తున్నా, నాది ఇంగ్లీష్ మీడియం. తప్పులుంటే సర్దుకోండి. ఈసారి ఎవరిదైనా ఒక జీవితం రాయమన్నారు కదా, క్లబ్‌లో సగం మంది సినిమావాళ్ళనే పట్టుకున్నారు. నేను అయ్యలసోమయాజుల లలిత గారి గురించి రాస్తున్నా. మన దేశపు తొలి మహిళా ఇంజనీర్లలో ఒకరు, తెలుగావిడ. గూగుల్‌లో ఇంకేదో వెతుకుతుంటే దొరికారు.

1919లో మద్రాసులో పుట్టారు. నాన్న పప్పు సుబ్బారావు గారు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ప్రొఫెసర్. అయినా లలితకు పదిహేనేళ్ళకే పెళ్ళి చేసేశారు. 1937లో కూతురు శ్యామల పుట్టింది. పాపకు నాలుగు నెలలప్పుడు భర్త చనిపోయారు. అప్పటికి ఆమెకు పద్దెనిమిదేళ్ళు, అంటే నాకంటే చిన్న. ఆ కాలంలో అలాంటి అమ్మాయికి ఇంట్లో ఒక మూల తప్ప ఇంకేమీ మిగిలేది కాదు.

ఆమె మాత్రం పుట్టింటికొచ్చి క్వీన్ మేరీస్ కాలేజీలో ఇంటర్మీడియట్ చేశారు. తర్వాత ఏం చదవాలి? మెడిసిన్ గురించీ ఆలోచించారు. కానీ డాక్టరైతే అర్ధరాత్రి పిలుపొచ్చినా పసిపిల్లను వదిలి వెళ్ళాలి. అందుకని ఇంజనీరింగ్ అనుకున్నారట. మనలో చాలామంది ర్యాంకును బట్టి బ్రాంచ్ తీసుకున్నాం. ఆవిడ పాప నిద్రను బట్టి తీసుకున్నారు!

గిండీలో అప్పటిదాకా ఆడపిల్లలు లేరు. నాన్న ప్రిన్సిపాల్ కె.సి. చాకోను ఒప్పించి, పైనుంచి అనుమతి తెప్పించి, 1940లో చేర్పించారు. అన్ని వందల మంది అబ్బాయిల మధ్య ఒక్కతే అమ్మాయి. హాస్టల్లోనూ ఒక్కతే. తర్వాత లీలమ్మ జార్జ్, పి.కె. త్రేసియా సివిల్‌లో చేరాక తోడు దొరికింది. మూడేళ్ళ శ్యామల మాత్రం బంధువుల ఇంట్లో పెరిగింది. అమ్మ వారాంతాల్లో వచ్చి చూసి వెళ్ళేది.

ఇక్కడ నేను చాలాసేపు ఆగిపోయా. పిల్ల కోసం ఎంచుకున్న చదువే పిల్లను వేరే ఇంట్లో పెట్టింది కదా. మా ఊరు కళ్యాణదుర్గం వైపు. వరసగా వేరుశనగ పోయాక మా అమ్మ టీచర్ ట్రైనింగ్‌కని అనంతపురంలో హాస్టల్లో చేరింది. నాకప్పుడు మూడేళ్ళే. అవ్వ దగ్గరుండేవాణ్ణి. ఆ కోపం నాలో చాలా ఏళ్ళు ఉండింది.

లలిత గారి డిగ్రీ సర్టిఫికెట్‌లో మగవాళ్ళ కోసం అచ్చేసిన మాటను కొట్టేసి, చేత్తో 'ఆమె' అని దిద్ది ఇచ్చారు. ఫారమ్ కూడా రెడీగా లేదన్నమాట. తర్వాత జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాప్‌లో ట్రైనింగ్, సిమ్లాలో సెంట్రల్ స్టాండర్డ్స్ ఆర్గనైజేషన్‌లో ఉద్యోగం, కొన్నాళ్ళు నాన్నకు రీసెర్చ్‌లో సాయం. 1948లో కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో చేరి, ట్రాన్స్‌మిషన్ లైన్లు, సబ్‌స్టేషన్ లేఅవుట్లు డిజైన్ చేశారు. భాక్రా నంగల్ ప్రాజెక్టు విద్యుత్ పనుల్లోనూ ఆమె చెయ్యి ఉంది. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. సిమ్లాలోనూ, కలకత్తాలోనూ అన్నదమ్ముల కుటుంబాలు పక్కనుండబట్టే శ్యామలను చూసుకుంటూ ఉద్యోగం చేయగలిగారు. ఆమె ఒక్కతే అన్నీ నెట్టుకొచ్చిందని రాస్తే అది అబద్ధమే అవుతుంది.

1964లో న్యూయార్క్‌లో మహిళా ఇంజనీర్ల, సైంటిస్టుల మొదటి అంతర్జాతీయ సదస్సుకు వెళ్ళొచ్చారు. 1979లో, అరవై ఏళ్ళకే పోయారు.

ఇది రాస్తూ మధ్యలో మా అమ్మకు ఫోన్ చేశా. ట్రైనింగ్ అప్పుడు శనివారాలు ఎలా వచ్చేదానివే అనడిగితే, కళ్యాణదుర్గం బస్సు టైమింగులన్నీ వరసగా అప్పజెప్పింది. ఆదివారం సాయంత్రం తిరుగు బస్సు మాత్రం నేను నిద్రపోయాకే ఎక్కేదట. ఆ సంగతి నాకు ఇప్పటిదాకా తెలీదు.