డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు – వార్ధక్య శాస్త్రం

వార్ధక్యమనగానే నెరసిన తల, మందగించిన చూపు మనకు స్ఫురిస్తాయి. అంతకుముందే కణంలో మొదలైన మార్పు కంటికి కానరాదు. ఆ మార్పుతో సంబంధమున్న రెండు పదార్థాల చరిత్రలో ఒక ఆంధ్రుని పేరు నిలిచి ఉన్నది. పాలకుర్తి ప్రాంత విద్యార్థులకు ఆయనను పరిచయం చేయడం మా ఉద్దేశం.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. స్ప్రూ అనే గ్రహణి వ్యాధి ఆయన సోదరులిద్దరిని కొద్ది రోజుల తేడాలో బలిగొన్నది. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహానికి గురైనందున తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టాయే దక్కింది. 1922లో అమెరికా చేరి, రాత్రులు ఆసుపత్రిలో పనివానిగా శ్రమిస్తూ హార్వర్డులో చదివారు.

అక్కడ సైరస్ ఫిస్కేతో కలసి 1925లో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని వెలువరించారు. ఆ పద్ధతే తరువాత కండరాలలో ఏ.టి.పి.ని కనుగొనడానికి తోడ్పడింది (1929). జర్మనీలో లోమన్ కూడ అదే ఏడు దానిని కనుగొన్నారు. ఏ.టి.పి. కణం ఖర్చు పెట్టుకొనే శక్తిధనం. ఆ నిల్వ తరిగినపుడు పసిగట్టి కణాన్ని పొదుపు బాట పట్టించే ప్రోటీన్ ఒకటున్నది, దానికి ఏ.ఎం.పి.కె. అని పేరు. దాని జన్యువును అదనంగా చేర్చిన సూక్ష్మమైన నులిపురుగులు ఎక్కువ కాలం బ్రతికినట్లు 2004లో తేలింది. పురుగుకు చెల్లినది మనిషికి చెల్లుతుందనడం మాత్రం తొందరపాటే.

హార్వర్డులో స్థిరమైన పదవి లభించక 1940లో లెడర్లీ పరిశోధనాలయానికి వెళ్లారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. సోదరులను బలిగొన్న వ్యాధికి అదే మందయింది. వారు పోయి అప్పటికి ఎన్నో ఏళ్లు దాటాయి! జన్యువులుండే డి.ఎన్.ఏ. నిర్మాణానికి ఈ విటమిన్ అవసరం. డి.ఎన్.ఏ.పై అంటుకొనే మిథైల్ గుర్తులకు కూడ ఇది ముడిసరుకును అందిస్తుంది. వయస్సుతో మారే ఆ గుర్తులను బట్టి మనిషి ఈడును లెక్కించవచ్చునని 2013లో స్టీవ్ హోర్వాత్ చూపారు. అయినను ఫోలిక్ ఆమ్లాన్ని యౌవన గుళిక అనుకోరాదు.

దానికి విరుద్ధంగా పనిచేసే అమినోప్టెరిన్ కూడ అదే పరిశోధనాలయంలో తయారైంది. దానితో రక్త క్యాన్సరు సోకిన బాలలకు తాత్కాలిక ఉపశమనం కలిగినట్లు సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించారు. తెలంగాణ పల్లెలలో పంచిన బోదకాలు మాత్ర డి.ఇ.సి. సైతం సుబ్బారావు బృందం కృషే.

1948 ఆగస్టులో, న్యూయార్కులో నిద్రలోనే కన్నుమూశారు. వయస్సు 53. 1922లో విడిచి వెళ్లిన భార్య శేషగిరిని ఆయన మరల చూడలేదు.