బెంగుళూరు నాగరత్నమ్మగారు

పుష్య బహుళ పంచమినాడు తిరువయ్యారులో కావేరి యొడ్డున పంచరత్న కీర్తనలు పాడేవారిలో ఇంట తెలుగు మాట్లాడేవారు కొద్దిమందే. ఆ అయిదింటిలో నాలుగు తెలుగు కీర్తనలు, ఒకటి సంస్కృతం. తరతరాల క్రిందట తమిళదేశానికి వచ్చిన కాకర్లవారి బిడ్డ త్యాగరాజస్వామి. కాబట్టి మనవంటి వలసకుటుంబాలకు ఆ దినం ఇంటిపండుగ. అయితే ఆ సమాధిని మందిరంగా నిలబెట్టినది తెలుగు గడ్డపై పుట్టని ఒక స్త్రీ అని మనలో పెక్కుమంది ఎరుగరు. ఈ ఉగాది సంచికలో వారి చరిత్ర చెప్పదలచాము.

నాగరత్నమ్మగారు 1878 నవంబరు 3వ తేదీన మైసూరు సంస్థానంలోని నంజనగూడులో దేవదాసీ కుటుంబంలో జన్మించారు. తండ్రి సుబ్బారావు వకీలు. ఆయన తల్లీబిడ్డలను విడిచిపెట్టాడు. తల్లి పుట్టలక్ష్మి మైసూరు చేరగా, గిరిభట్ట తిమ్మయ్య అనే పండితుడు ఆశ్రయమిచ్చి బాలికకు సంస్కృతం, సంగీతం నేర్పాడు. కొన్నాళ్లకు ఆయనా విముఖుడయ్యాడు. మేనమామ వెంకటస్వామప్ప ఆదుకున్నారు. మునిస్వామప్పగారు త్యాగరాజ కీర్తనలు పాఠం చెప్పారు. తరువాతి కాలంలో బిడారం కృష్ణప్పగారు కూడా గురువులైనారు. కన్నడ బాలికకు తెలుగు అట్లా కీర్తనలతోపాటు అబ్బింది. ఇంకా పిన్నవయస్సులోనే తల్లి కన్నుమూసింది.

1894లో మైసూరు మహారాజు చామరాజేంద్ర ఒడెయరు స్వర్గస్థులైనారు. ఆస్థానమనే ఆసరా పోయింది. బెంగుళూరులో న్యాయమూర్తి నరహరిరావుగారు ఆదరించారు. అక్కడినుండి ఆమె మద్రాసుకు వచ్చారు. ఇన్నిసార్లు ఊరు మారితే మనిషి మనస్సు చేదెక్కటం సహజం. మా రైల్వేవారికి బదిలీ ఉత్తరువు వచ్చిననాడు ఇంట్లో పొయ్యి వెలగటమే కష్టం. అదీ జీతం పోకుండా! ఆమెకు జీతమూ లేదు, క్వార్టర్సూ లేదు. వెంట వచ్చినవి నేర్చిన కీర్తనలే. మద్రాసులో ఆ గానంతోనే ఆదాయపు పన్ను కట్టేటంత సంపాదించారు. ఆ సంపాదన తన గొప్ప అనుకోక స్వామి పెట్టిన భిక్ష అని ఆమె తలచారు. తరువాతి జీవితమంతా ఆ తలపునుండి పుట్టినదే.

ఆమె వట్టి పూజాపరురాలనుకోరాదు. తంజావూరు ప్రతాపసింహ మహారాజు కాలపు కవయిత్రి ముద్దుపళని రచించిన రాధికా సాంత్వనము అచ్చుప్రతిలో పద్యాలు లోపించటం చూచి, పూర్తి ప్రతిని సంపాదించి పరిష్కరించారు. 1910లో వావిళ్ళవారు ప్రచురించారు. పెద్దల ఆగ్రహం, ప్రభుత్వ నిషేధం రెండూ ఎదురైనవి. ప్రకాశం పంతులుగారు మద్రాసు ప్రధానిగా ఉన్నప్పుడు గాని ఆ నిషేధం తొలగలేదు. దేవదాసీ విధానం రద్దు చేసే చట్టాన్నీ ఆమె వ్యతిరేకించారు. ఆ విషయంలో మేము వారితో ఏకీభవించలేము. అయినా తన కులస్త్రీల విద్యను లోకం వట్టి కళంకంగా చూడటం వారిని బాధించిందని అర్థం చేసుకోగలము.

1921లో కృష్ణప్పగారి వద్దనుండి ఉత్తరం వచ్చింది. 1847లో సిద్ధిపొందిన త్యాగరాజస్వామి సమాధి శిథిలమై దిక్కులేక ఉన్నదని సారాంశం. అప్పటికి ఆమెకు నలుబది దాటినవి; వంశం నిలిపే సంతానం లేదు. తాను ఎవరి అన్నం తింటున్నదో ఆ మహానుభావుని తలపై నీడ లేదన్నమాట ఆమె భరించలేకపోయారు. స్థలం సంపాదించారు. తన సొమ్ము వెచ్చించి మందిరం కట్టించారు. 1925 జనవరి 7వ తేదీన కుంభాభిషేకం జరిగింది.

ఇక్కడే మాకు ఆశ్చర్యం కలుగుతుంది. కట్టించినది ఆమె, కాని ఆరాధన నడిపే భాగవతుల పక్షాలు స్త్రీలను స్వామి సన్నిధిలో పాడనివ్వలేదు! మరొకరైతే తాళంచెవులు విసిరికొట్టి మద్రాసు బండి ఎక్కి ఉందురు. ఆమె స్త్రీలను కూడగట్టుకొని వేరుగా ఆరాధన జరిపించారు. పోట్లాడారు, అర్జీలు పెట్టారు, ఏటేటా ఖర్చు భరించారు. విశ్వాసమంటే మెత్తని మనస్సని చెప్పేవారు ఆమెను ఎరుగరు, అది మొండిపట్టు. చివరకు 1941 నాటికి పక్షాలు కలిసి ఒకే ఉత్సవమైంది. స్త్రీలూ పాడసాగారు.

మద్రాసు కాపురం చాలించి ఆమె తిరువయ్యారులోనే స్థిరపడ్డారు. ఎన్నో ఊళ్లు మారిన మనిషి తన ఊరని తానే ఎంచుకొన్న చోటు అది. స్వామి సన్నిధిలో స్త్రీలకు అర్చనకూ గానానికీ అవకాశముండవలెనని వీలునామాలో షరతు పెట్టి, ఆస్తి ధర్మానికి వదిలారు. 1952 మే 19వ తేదీన అక్కడే కన్నుమూశారు.

తిరువయ్యారుకు మన రైలు పోదు. తంజావూరులో దిగి బస్సు పట్టుకోవలెను. స్వామి మందిరానికి చేరువనే నాగరత్నమ్మగారి సమాధి ఉన్నది. స్వామికి నమస్కరిస్తున్నట్లు వారి శిలావిగ్రహం నిలిపారు. తెలుగు అక్షరాలు రాక తమిళలిపిలో కీర్తనలు వ్రాసుకొనే మన పిల్లలను ఈసారి అక్కడికి తీసుకొని వెళ్లినప్పుడు, ఆ విగ్రహం ఎవరిదో చెప్పండి.