పంతులుగారి నాటకం

వీధిభాగవతాలు, తోలుబొమ్మలాటలు తెలుగువారికి తరతరాలుగా తెలిసినవే. వేదిక మీద నిలిచి, ఇంట్లో మాట్లాడుకునే మాటలతోనే నాటకం ఆడటం మాత్రం తరువాత వచ్చింది. దానికి పూనుకొన్నవారు ఒక బడిపంతులు. ఆడినవారు ఆయన శిష్యులు.

కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1848 ఏప్రిల్ 16న రాజమహేంద్రవరంలో జన్మించారు. నాలుగేళ్ల ప్రాయంలోనే తండ్రిని కోల్పోయారు. పెద్దవారై ఉపాధ్యాయవృత్తి చేపట్టి, 1874లో 'వివేకవర్ధని' పత్రికను స్థాపించారు. లంచగొండితనాన్ని, బాల్యవివాహాలను అందులో ఎండగట్టారు.

పత్రిక చదువు వచ్చినవారికే. చదువురానివారికి నాటకమే దారి. వకీళ్ల మోసాల మీద ఆయన 'వ్యవహార ధర్మబోధిని' రాశారు. జనం దానిని ప్లీడరు నాటకమన్నారు. బరంపురం, రాజమహేంద్రవరం రెండూ ఆనాడు చెన్నరాజధానిలోనివే. కచేరీల తీరు అంతటా ఒకటే.

1880లో పంతులుగారు తమ విద్యార్థులచేత నాటకాలు ఆడించారు. ధార్వాడనుంచి వచ్చిన నాటకసమాజంవారు ఆడి వెళ్ళిన పాకే వారికి రంగస్థలమైంది. షేక్‌స్పియరు హాస్యనాటకాన్ని అనుసరించి రాసిన 'చమత్కార రత్నావళి'ని కూడా అక్కడ ఆడారు. వేషం కట్టడం పరువుతక్కువ పని అని పెద్దలు తలచే కాలమది. పద్యాలు వల్లించడానికి అలవాటుపడిన పిల్లలు పదిమంది ఎదుట నిలిచి, సొంత గొంతుతో మాట్లాడవలసివచ్చింది. మోసగాడి వేషం కట్టినవాడు వాని లోభాన్ని, మోసపోయినవాని వేషం కట్టినవాడు అతని దుఃఖాన్ని కొంతసేపైనా తనవిగా భావించాలి. పాఠం ఒప్పజెప్పినంత తేలిక కాదది.

మరుసటి సంవత్సరం, 1881 డిసెంబరు 11న, పంతులుగారు తమ ఇంట ఒక బాలవితంతువుకు పునర్వివాహం జరిపించారు. ఊరంతా మండిపడింది. వెలివేస్తామన్నారు. వంటవారు, పనివారు మానుకొన్నారు. భార్య రాజ్యలక్ష్మమ్మగారు స్వయంగా గోదావరినుంచి నీళ్లు మోసి, వంట చేశారు. బంధువులు ముఖం చాటేసిన ఆ సమయంలో శిష్యులే అండగా నిలిచారు. దీనికంతటికీ నాటకమే కారణమనడం అతిశయోక్తి అవుతుంది. గురువుగారి మాట, నడత ఒకటే కావడం వారు రోజూ చూస్తున్నదే. అయినా తమ ఇంట లేని కష్టాన్ని తమదిగా తలచడం ఆ పిల్లలకు అప్పటికే కొత్త కాదు.

పంతులుగారు తమ ఆస్తిని హితకారిణీ సమాజానికి ఇచ్చివేశారు. 1919 మే 27న చెన్నపట్నంలో కన్నుమూశారు. ఆయన పుట్టినరోజైన ఏప్రిల్ 16ను తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకొంటున్నారు.