నెల రోజులను నిమిషంలో చూపించిన ఫాల్కే

రెండు నిమిషాల వీడియోను అర నిమిషం రీల్‌గా మార్చాలంటే ఇవాళ ఫోన్ తెరపై వేలితో ఒకసారి జరిపితే చాలు. వేగం పెరుగుతుంది, నిడివి తగ్గుతుంది. అదే పని 1912లో ఒక మనిషి చేత్తో చేశాడు. ఒక బఠాణీ మొక్క నెల రోజుల ఎదుగుదలను నిమిషం పైచిలుకు సినిమాగా కుదించాడు. భారతీయ సినిమాకు మొదటి పెట్టుబడి పుట్టింది ఆ నిమిషం నుంచే. ఆయనే ధుండిరాజ్ గోవింద్ ఫాల్కే, మనమంతా దాదాసాహెబ్ అని పిలుచుకునే ఫాల్కే.

1870 ఏప్రిల్ 30న నాసిక్ దగ్గరి త్ర్యంబకంలో సంస్కృత పండితుల ఇంట ఆయన పుట్టాడు. బొంబాయి జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో, ఆ తర్వాత బరోడా కళాభవన్‌లో చదివాడు. చిత్రలేఖనం, ఫొటోగ్రఫీ, అచ్చుపని, ఇంద్రజాలం, ఇలా చేతికి అందిన విద్యనల్లా నేర్చుకున్నాడు. గోధ్రాలో ఫొటో స్టూడియో పెట్టుకున్న రోజుల్లో మొదటి భార్యనూ బిడ్డనూ పోగొట్టుకున్నాడు. పురావస్తు శాఖలో ఉద్యోగంలో చేరి, స్వదేశీ ఉద్యమ కాలంలో దాన్నీ వదిలేశాడు. అచ్చు యంత్రాల వ్యాపారం పెట్టి బాగా నడిపించాడు. భాగస్వాములతో పొసగక అందులోంచి కూడా బయటికొచ్చాడు. అప్పటికి వయసు నలభై దాటింది, చేతిలో పని లేదు.

అలాంటి సమయంలో 1911లో బొంబాయిలోని ఒక గుడారంలో క్రీస్తు జీవితంపై తీసిన సినిమా చూశాడు. తెరపై క్రీస్తు కదులుతుంటే ఆయన మనసులో రాముడు, కృష్ణుడు కదిలారు. ఆ తర్వాత దొరికిన సినిమానల్లా చూస్తూ, నిద్ర మానుకుని ప్రయోగాలు చేస్తూ కళ్లు పాడుచేసుకున్నాడు. కొంతకాలం చూపే పోయింది. వైద్యంతో తిరిగి రాగానే బీమా పాలసీలు తాకట్టు పెట్టి 1912 ఫిబ్రవరిలో లండన్ ఓడెక్కాడు. అక్కడ దర్శకుడు సెసిల్ హెప్‌వర్త్ స్టూడియోలో పని తీరు దగ్గరుండి చూశాడు. విలియమ్సన్ కెమెరాకూ, ఫిల్ము అంచుల్లో రంధ్రాలు వేసే యంత్రానికీ ఆర్డరిచ్చి రెండు నెలల్లో తిరిగొచ్చాడు.

యంత్రాలు వచ్చినా సినిమా తీయడానికి డబ్బు లేదు. ఇక్కడివాడు సినిమా తీయగలడని నమ్మి అప్పిచ్చేవారూ లేరు. మాటలతో ఒప్పించడం కుదరదని ఫాల్కేకు అర్థమైంది. కుండీలో బఠాణీలు నాటి ఎదురుగా కెమెరా పెట్టాడు. విత్తనం మొలకెత్తి తీగ సాగేదాకా నెలకు పైగా కొద్దికొద్దిగా చిత్రించాడు. సెకనుకు 16 బొమ్మల చొప్పున చూస్తే నిమిషం సినిమాకు 960 బొమ్మలు కావాలి. అన్ని రోజుల మీద పరిచినవి అన్నే బొమ్మలు. వాటిని వరసగా తెరపై నడిపితే మొక్క కళ్లముందే మట్టిని చీల్చుకుని లేచింది. తీసేటప్పుడు కాలాన్ని సాగదీసి, చూపేటప్పుడు కుదించడమే ఇందులోని కిటుకు. అది చూసిన యశ్వంత్‌రావ్ నాడకర్ణి లాంటివారు అప్పివ్వడానికి ముందుకొచ్చారు.

భార్య సరస్వతీబాయి నగలిచ్చింది. చీకటి గదిలో కూర్చుని ఫిల్ముకు రంధ్రాలు వేసింది, యూనిట్ మొత్తానికి వండిపెట్టింది. ఆడవేషం వేయడానికి స్త్రీలెవరూ ముందుకు రాకపోతే, హోటల్లో పనిచేసే సాళుంకే అనే యువకుడు తారామతి అయ్యాడు. అలా తయారైన ‘రాజా హరిశ్చంద్ర’ 1913 మే 3న బొంబాయి కొరొనేషన్ థియేటర్లో విడుదలైంది.

ఆ సినిమా పొడవు సుమారు 3,700 అడుగులు. మరి నిడివి ఎంత? కొందరు నలభై నిమిషాలంటారు, కొందరు గంట అంటారు. ఇద్దరి మాటా అబద్ధం కాదు. అడుగు ఫిల్ములో 16 బొమ్మలుంటాయి. సెకనుకు 16 బొమ్మలు ఆడిస్తే 3,700 అడుగులు గంట దాటతాయి. తర్వాత వచ్చిన టాకీల వేగంతో, అంటే 24 బొమ్మలతో ఆడిస్తే 41 నిమిషాల్లో ముగుస్తాయి. మూకీల కాలంలో కెమెరా పిడిని చేత్తోనే తిప్పేవారు. సెకనుకు రెండు చుట్లు తిప్పాలన్నది ఒక అలవాటే గానీ శాసనం కాదు. మూకీల్లో మనుషులు పరుగులు పెడుతున్నట్టు ఇవాళ మనకు కనిపించడానికి ప్రధాన కారణం వాటిని తీసిన వేగం ఒకటి, ఆడించే వేగం మరొకటి కావడమే. అప్పటి నటులకు నడక రాక కాదు.

‘లంకా దహన్’, కూతురు మందాకిని కృష్ణుడిగా నటించిన ‘కాళీయ మర్దన్’ ఫాల్కేకు ఘనకీర్తి తెచ్చాయి. కానీ 1931లో టాకీ రావడంతో లెక్క మారిపోయింది. బొమ్మను కాస్త ముందుకో వెనక్కో తోస్తే కన్ను సర్దుకుంటుంది, చెవి ఊరుకోదు. వేగం మారితే గొంతు కీచుగానో బొంగురుగానో మారుతుంది. అందుకే టాకీలకు 24 బొమ్మల వేగం స్థిరపడింది. పిడి తిప్పే చేతికి ఉన్న స్వేచ్ఛ అక్కడితో పోయింది. మూకీగా తీసిన ‘సేతుబంధన్’కు ఆయన తర్వాత మాటలు అతికించాల్సి వచ్చింది. 1937 నాటి ‘గంగావతరణ్’ ఆయన తీసిన ఒకే ఒక్క పూర్తి టాకీ. అదే చివరిది కూడా. సినిమా పరిశ్రమ ముందుకు సాగిపోయింది, దాన్ని మొదలుపెట్టినవాడు నాసిక్‌లో ఇబ్బందుల మధ్య మిగిలాడు. 1944 ఫిబ్రవరి 16న కన్నుమూశాడు.

కేంద్ర ప్రభుత్వం 1969లో ఆయన పేరిట పురస్కారం నెలకొల్పింది. మన బి.ఎన్.రెడ్డి, ఎల్.వి.ప్రసాద్, అక్కినేని, కె.విశ్వనాథ్ దాన్ని అందుకున్నారు. ‘రాజా హరిశ్చంద్ర’లో మాత్రం మనకు మిగిలింది కొంత భాగమే. దాన్ని ఎప్పుడైనా ఇంటర్నెట్‌లో చూస్తే, మనుషులు మరీ గబగబా కదులుతున్నారనిపిస్తే, ప్లేయర్‌లో వేగాన్ని కాస్త తగ్గించి చూడండి. ఫాల్కే తీసిన హరిశ్చంద్రుడి నడక అప్పుడే కొంతైనా దగ్గరగా కనిపిస్తుంది.