ఏ మెతుకు పట్టుకోవాలి?

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుని చూస్తే తెలిసిపోతుందంటారు మన ఇళ్లల్లో. గిన్నె వరకు సరే. మరి ఒక రాష్ట్రమంతా పరుచుకున్న పంటను కొలవాలంటే ఏ మెతుకు పట్టుకోవాలి? ఎన్ని పట్టుకోవాలి? ఈ ప్రశ్న వెంట ఏళ్ల తరబడి నడిచిన మనిషి ప్రశాంత చంద్ర మహలనోబిస్.

ఆయన 1893 జూన్ 29న కలకత్తాలో పుట్టారు. ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్స్ చదివి, కేంబ్రిడ్జి వెళ్లారు. తిరిగొచ్చే ముందు అక్కడ బయోమెట్రికా అనే పత్రిక కంటబడింది. పాత సంపుటాలు కొనుక్కుని ఓడలో చదువుతూ వచ్చారు. ఇక్కడ ఫిజిక్స్ పాఠాలు చెబుతూనే, మనసు మాత్రం స్టాటిస్టిక్స్‌కి ఇచ్చేశారు. 1931లో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు.

అసలు పరీక్ష 1937లో ఎదురైంది. బెంగాల్‌లో జనపనార ఎంత విస్తీర్ణంలో వేశారో తేల్చాలి. రైతుకి దక్కే ధర, మిల్లుల కొనుగోళ్లు ఆ అంచనా మీద ఆధారపడేవి. ప్రతి పొలమూ తిరిగి లెక్కపెట్టాలంటే వేలమంది కావాలి, బోలెడు ఖర్చు. పోనీ రోడ్డు పక్కన కనిపించే పొలాలే చూసొస్తే? సులువే, కానీ అది మొత్తం బెంగాల్ లెక్క కాదు కదా!

మహలనోబిస్ గ్రామాల మ్యాపుల మీద యాదృచ్ఛికంగా చిన్న చిన్న గళ్లు ఎంచుకుని, వాటినే చూసి రమ్మన్నారు. గడి ఎంత పెద్దదుండాలి, ఎన్ని ఉండాలి అన్నది ఊహించి చెప్పలేదు. ముందు చిన్న స్థాయిలో సర్వే చేయించారు. మనుషులకి నడవడానికి ఎంత టైమ్ పడుతోంది, కొలవడానికి ఎంత పడుతోంది అని లెక్క రాయించారు. ఉన్న డబ్బుతో పొరపాటు అతి తక్కువగా వచ్చే అమరిక ఏదో అప్పుడు తేల్చారు. ఇంజనీరింగ్ భాషలో చెప్పాలంటే, ఇది ఆప్టిమైజేషన్ అన్నమాట.

ఇంకో చిక్కు మనుషులతో. కొలిచేవాడు తప్పు రాస్తే ఫార్ములా ఏం చేస్తుంది? అందుకే ఒకే ప్రాంతంలో రెండు విడి శాంపిళ్లు తీసి, రెండు వేర్వేరు బృందాలకి ఇచ్చారు. రెండు జవాబులూ బాగా తేడాగా ఉంటే ఎక్కడో గడబిడ జరిగిందని తెలిసిపోయేది.

ఒక ఏడాది పొలం పొలం తిరిగిన లెక్క, శాంపిల్ లెక్క రెండూ వచ్చాయి. శాంపిల్ ఖర్చు సుమారు పదో వంతు. వ్యాపార గణాంకాలతో పోలిస్తే దగ్గరగా వచ్చింది శాంపిలే!

అలాగని ఆయన మాటకి ఎదురు లేకపోలేదు. వరి దిగుబడి అంచనాకి ఆయన చిన్న చిన్న కోతలు, వాటికి ప్రత్యేకంగా శిక్షణ ఇచ్చిన సిబ్బంది మేలన్నారు. పి.వి.సుఖాత్మే ఒప్పుకోలేదు. కోత మరీ చిన్నదైతే గీత మీదున్న మొక్కల్ని కూడా లోపలికి లాగేసి దిగుబడి ఎక్కువ చూపిస్తారని, పెద్ద మడులు కోయాలని, ఆ పని ఊళ్లో ఉన్న ప్రభుత్వ సిబ్బందితోనే చేయించొచ్చని ఆయన వాదన. ఆచరణలో పనికొచ్చే పద్ధతి ఒక్కటే ఉండదని ఈ గొడవ చూస్తే అర్థమవుతుంది.

ఈలోగా 1941లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన ఒక కుర్రాడు ఆ ఇన్‌స్టిట్యూట్‌కి చేరాడు. ఆయనే సి.ఆర్.రావు. 1950లో జాతీయ నమూనా సర్వే మొదలైంది. కొత్తగా స్వతంత్రమైన దేశంలో జనం ఏం తింటున్నారో, దేనికి ఎంత ఖర్చు పెడుతున్నారో తెలియకుండా ప్రణాళికలు ఎలా వేస్తారు? ఆ ఖాళీని నింపింది ఈ సర్వేనే. మహలనోబిస్ 1972 జూన్ 28న, 79వ పుట్టినరోజుకి ఒక్క రోజు ముందు కన్నుమూశారు. ఆయన పుట్టినరోజే ఇప్పుడు మన గణాంక దినోత్సవం.

మినీ ప్రాజెక్టు సర్వే అనగానే క్లాస్ గ్రూపులో ఫారం లింకు పెట్టేయడం మనకి అలవాటే కదా ఫ్రెండ్స్. జవాబిచ్చేది ఎవరు? ఖాళీగా ఉన్నవాళ్లు, మనకి కావలసినవాళ్లు. అది గిన్నెలో పైన తేలిన మెతుకు. రోల్ నంబర్ల లిస్టు తీసుకుని లాటరీ వేసి ఓ నలభై మందిని ఎంచండి. ముందు ఐదుగురి దగ్గర ప్రశ్నలు పరీక్షించండి. ఆ నలభై మందిలో జవాబివ్వని వాళ్ల గది తలుపు ఇంకోసారి తట్టండి. రెండు సాయంత్రాల పని, అంతే!