గంటకో మాట: పాల్ డిరాక్ జీవితం

ఇంగ్లండులో బ్రిస్టల్ అనే రేవు పట్టణంలో 1902 ఆగస్టు 8న పాల్ డిరాక్ పుట్టాడు. తండ్రి చార్లెస్ స్విట్జర్లాండు నుంచి వలస వచ్చినవాడు, ఊళ్ళో ఒక బడిలో ఫ్రెంచి చెప్పేవాడు. తల్లి ఫ్లోరెన్స్ ఇంగ్లీషావిడ, పెళ్ళికి ముందు అక్కడి గ్రంథాలయంలో పని చేసింది. పాల్‌కి ఒక అన్న ఫీలిక్స్, ఒక చెల్లెలు బెట్టీ.

అంటే అది రెండు భాషల ఇల్లు. ఈ గోడపత్రిక చదివేవాళ్ళలో చాలామంది ఇళ్ళు అలాంటివే కదా. మా ఇంట్లో నాన్నతో తమిళం, అమ్మతో తెలుగు. సాంబారు వడ్డించేలోపు రెండూ ఒకే వాక్యంలో కలిసిపోతాయి, ఎవరూ పట్టించుకోరు. డిరాక్ వాళ్ళింట్లో అలా కాదు. ఆయన పెద్దయ్యాక చెప్పుకున్న ప్రకారం, భోజనం దగ్గర తండ్రితో ఫ్రెంచిలోనే మాట్లాడాలి. తల్లికి, మిగతా పిల్లలకి ఆ భాష అంతగా రాదు కాబట్టి వాళ్ళు వంటింట్లో తినేవాళ్ళు. తండ్రి, పాల్ ఇద్దరే బల్ల దగ్గర. వ్యాకరణం తప్పితే శిక్ష ఉండేది. కడుపులో తిప్పుతున్నా బల్ల మీంచి లేవనిచ్చేవాడు కాదట. ఫ్రెంచిలో తప్పు లేకుండా చెప్పలేను కాబట్టి అసలు మాట్లాడకపోవడమే మేలని ఆ పిల్లవాడు తీర్మానించుకున్నాడు. తన మౌనానికి కారణం ఇదేనని డిరాక్ చివరిదాకా నమ్మారు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ ఈ బల్ల దగ్గరికి రావాలి.

చదువులో పాల్‌కి తిరుగులేదు. అయితే తండ్రి ఇద్దరు కొడుకుల్నీ ఇంజనీరింగులోకే తోశాడు. ఫీలిక్స్‌కి డాక్టరు కావాలని ఉండేది, కుదరలేదు. పాల్ 1921లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు మొదటి శ్రేణిలో పూర్తి చేశాడు. యుద్ధం తర్వాతి రోజులు, ఎక్కడా ఉద్యోగం దొరకలేదు. ఖాళీగా ఉన్న కుర్రాణ్ణి చూసి బ్రిస్టల్ విశ్వవిద్యాలయం గణితం వాళ్ళు ఫీజు లేకుండా రెండేళ్ళు చదివించారు. ఉద్యోగం దొరికి ఉంటే మనకి డిరాక్ ఉండేవారు కాదేమో. 1923లో కేంబ్రిడ్జిలో సెయింట్ జాన్స్ కాలేజీలో పరిశోధన కోసం చేరారు.

1925 ఆయన జీవితంలో రెండు రకాలుగా పెద్ద సంవత్సరం. మార్చిలో అన్న ఫీలిక్స్ ఆత్మహత్య చేసుకున్నాడు. అప్పటికే అన్నదమ్ములిద్దరూ వీధిలో ఎదురుపడ్డా పలకరించుకోని స్థితి. ఆ చావు కంటే కూడా, దానికి తల్లిదండ్రులు అంతగా కుప్పకూలిపోవడం డిరాక్‌ని ఆశ్చర్యపరిచిందట. తల్లిదండ్రులకి పిల్లలంటే అంత ప్రేమ ఉంటుందని తనకి అప్పటిదాకా తెలియనే తెలియదని ఆయన తర్వాత చెప్పారు. మొదటిసారి ఇది చదివినప్పుడు నాకు కోపం వచ్చింది, ఇదేం మనిషి అని. రెండోసారి చదివితే మాత్రం చాలా బాధేసింది. ఎవరో చెప్తే తప్ప ప్రేమ ఉందని తెలియని ఇల్లు అది. ఉన్నా కనిపెట్టలేని మనసు ఆ పిల్లవాడిది.

అదే సంవత్సరం అక్టోబరు. అంతకు కొన్ని వారాల ముందు హైజెన్‌బర్గ్ అనే జర్మన్ శాస్త్రవేత్త వ్యాసం అచ్చు కాకముందే డిరాక్ చేతికి వచ్చింది. అందులో రెండు రాశుల్ని ఈ వరుసలో హెచ్చిస్తే ఒకటి, ఆ వరుసలో హెచ్చిస్తే ఇంకొకటి వస్తోంది. మిగతావాళ్ళకి అది లోపంలా కనిపించింది. డిరాక్ దాన్నే పట్టుకున్నారు. ఆదివారాలు ఒక్కరే మైళ్ళ కొద్దీ నడిచే అలవాటు ఆయనకి. అలా నడుస్తుండగా పాత యాంత్రికశాస్త్రంలో ఎక్కడో చదివిన ఒక సూత్రం తట్టింది. కానీ అది కచ్చితంగా ఏమిటో గుర్తు రాలేదు. ఇంట్లో ఉన్న పుస్తకాల్లో లేదు. ఆదివారం కాబట్టి గ్రంథాలయాలు మూసేశారు. ఆ రాత్రి ఎలా గడిచిందో కానీ పొద్దున తెరవగానే వెళ్ళి చూసుకున్నారు, సరిగ్గా సరిపోయింది. అప్పటికి ఆయన వయసు 23. (మన గ్రంథాలయం ఆదివారం తెరవమని అడగడానికి ఇంతకంటే మంచి కారణం దొరకదు.)

1928లో ఎలక్ట్రాన్‌కి ఆయన రాసిన సమీకరణం వచ్చింది. నేను బి.ఏ. విద్యార్థిని, ఆ సమీకరణం నాకు అర్థం కాదు. ఫిజిక్సు చదివే స్నేహితురాలు రెండు రోజులు ఓపిగ్గా చెప్తే తెలిసింది ఇంతే: అందులోంచి ఎలక్ట్రాన్‌కి ఎదురు కణం ఒకటి ఉండాలని తేలింది. అలాంటిది అంతవరకు ఎవరూ చూడలేదు. 1931లో డిరాక్ అది ఉంటుందని రాశారు, 1932లో అమెరికాలో ఆండర్సన్ దాన్ని చూశాడు. దాని పేరు పాజిట్రాన్. ఇప్పుడు ఆసుపత్రుల్లో తీసే పెట్ స్కాన్ దానితోనే పనిచేస్తుంది.

నన్ను ఆకట్టుకున్నది ఆ సమీకరణం వెనకాల ఉన్న భయం. దాన్ని హైడ్రోజన్‌కి పూర్తిగా లెక్కగట్టి చూస్తే ఒప్పో తప్పో తేలిపోతుంది. డిరాక్ ఆ లెక్క పూర్తిగా చెయ్యలేదు, ఉజ్జాయింపుగా చేసి ఆపేశారు. పూర్తిగా చేస్తే ఎక్కడ తప్పని తేలుతుందోనని భయం వేసిందని ముసలితనంలో ఒప్పుకున్నారు. పూర్తి లెక్క వేరేవాళ్ళు చేశారు, అది సరిగ్గానే వచ్చింది. పైకి రాయిలా కనిపించే మనిషి లోపల అంత గుబులు ఉండేదని ఆ రోజుల్లో పక్కన కూర్చున్నవాళ్ళకి కూడా తెలిసి ఉండదు.

వాళ్ళకి తెలిసిందల్లా ఆయన మాట్లాడరని. కేంబ్రిడ్జిలో తోటివాళ్ళు డిరాక్ అని ఒక కొలత కూడా పెట్టారు, గంటకి ఒక మాట అంటే ఒక డిరాక్. ఒక ఉపన్యాసం అయ్యాక ఎవరో లేచి బోర్డు మీద ఫలానా సమీకరణం తనకి అర్థం కాలేదన్నారు. డిరాక్ ఊరుకున్నారు. అధ్యక్షుడు జవాబు చెప్పమంటే, అది ప్రశ్న కాదు కదా, ఒక విషయం చెప్పారంతే అన్నారట. 1929లో జపాన్ వెళ్ళే ఓడలో హైజెన్‌బర్గ్ అమ్మాయిలతో డాన్స్ చేస్తుంటే, ఎందుకు చేస్తావని అడిగారు. మంచి అమ్మాయిలతో డాన్స్ చేస్తే సంతోషంగా ఉంటుందని అతను జవాబిచ్చాడు. చాలాసేపు ఆలోచించి, వాళ్ళు మంచివాళ్ళని ముందే ఎలా తెలుస్తుందని డిరాక్ మళ్ళీ అడిగారు. ఇవన్నీ నవ్వుకునే కథలుగా ఇప్పటికీ ఫిజిక్సు క్లాసుల్లో చెప్తారు.

ఈ కథలు మా పిన్నికి చెప్పినప్పుడు ఆమె నవ్వలేదు. ఆ మనిషి సరిగ్గానే అడిగాడు కదా, ముందే ఎలా తెలుస్తుంది అంది.

పిన్ని గురించి ఇక్కడ రాయొచ్చా అని ఆమెనే అడిగాను, పేరు లేకుండా రాయమంది. ఆమెకి 34 ఏళ్ళు. కాలేజీ రోజుల నుంచి ఆందోళనకి, కుంగుబాటుకి మందులు వాడుతోంది. మందులతో నిద్ర వచ్చింది, ఏడుపు తగ్గింది. అయినా నలుగురిలోకి వెళ్ళొస్తే రెండు రోజులు తలుపేసుకుని పడుకోవడం మాత్రం తగ్గలేదు. పోయిన ఏడాది కొత్త డాక్టరమ్మ చిన్నప్పటి సంగతులు అడిగి, ఇది పుట్టుకతో వచ్చిన ఆటిజం కావచ్చు, ఆందోళన దాని మీద పేరుకున్నది కావచ్చు, పరీక్ష చేయిద్దాం అంది. మా ఇంట్లో అందరం ఒకటే మాట అన్నాం, ఆటిజం పిల్లలకి కదా వచ్చేది అని. అది తప్పని ఇప్పుడు తెలిసింది. ఆ పిల్లలే పెద్దవాళ్ళవుతారు. ముఖ్యంగా ఆడపిల్లలు ఎదుటివాళ్ళని చూసి నవ్వడం, పలకరించడం పాఠంలా నేర్చుకుంటారు కాబట్టి చాలామంది లెక్కలోకే రారట. అలా వెతుకుతుంటేనే నాకు డిరాక్ దొరికారు.

1933లో ష్రోడింగర్‌తో కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు, 31 ఏళ్ళకే. పేరు పత్రికల్లో పడుతుందని భయపడి వద్దనబోయారు. వద్దంటే ఇంకా ఎక్కువ పడుతుందని రూథర్‌ఫర్డ్ చెప్తే ఒప్పుకున్నారు. స్టాక్‌హోమ్‌కి తల్లిని తీసుకెళ్ళారు, తండ్రిని పిలవలేదు. తండ్రి 1936లో పోయినప్పుడు తనకి స్వేచ్ఛ వచ్చినట్టుందని మాంచీకి ఉత్తరం రాశారు.

మాంచీ అంటే మార్గిట్ విగ్నర్, హంగరీ దేశపు శాస్త్రవేత్త యూజీన్ విగ్నర్‌కి చెల్లెలు. మొదటి పెళ్ళి విడిపోయి ఇద్దరు పిల్లలతో ఉంది, గలగలా మాట్లాడే మనిషి. ఆమె పేజీల కొద్దీ ఉత్తరాలు రాసేది, ఈయన ముక్తసరిగా జవాబిచ్చేవారు. అడిగినవాటికి జవాబు చెప్పడం లేదని ఆమె కోప్పడితే, డిరాక్ పాత ఉత్తరాలన్నీ తీసి ఒక పట్టిక గీశారు. ఉత్తరం నంబరు ఒక గడి, ఆమె ప్రశ్న ఒక గడి, తన జవాబు ఒక గడి. దాన్ని నింపి పంపించారు. మామూలు అమ్మాయి అయితే అక్కడితో సరి. మాంచీ ఇంకా కోప్పడింది కానీ వదల్లేదు. 1937 జనవరిలో పెళ్ళయింది. ఆమె పిల్లలిద్దరూ, తర్వాత పుట్టిన మేరీ, మోనికా కలిసి ఇల్లు నిండింది. వచ్చినవాళ్ళకి ఆమెని విగ్నర్ చెల్లెలిగా పరిచయం చేసేవారట, భార్య అనడం మర్చిపోయి. అయినా ఆ కాపురం నలభై ఏడేళ్ళు నిలిచింది. ఇంటికి వచ్చేవాళ్ళతో మాటలన్నీ ఆమె చూసుకునేది, ఆయన తోట చూసుకునేవారు. ఇద్దరికీ అలా కుదిరింది.

పట్టిక సంగతి విన్నాక పిన్ని తన ఫోను తెరిచి చూపించింది. పెళ్ళిళ్ళకి వెళ్తే ఎవరు ఏమి అడుగుతారు, దానికి ఏమి చెప్పాలి అని రెండు గళ్ళు గీసి పెట్టుకుంది. కొన్ని తెలుగులో, కొన్ని తమిళంలో. ఎనిమిదేళ్ళుగా వాడుతోందట. మాకెవ్వరికీ తెలియదు.

కేంబ్రిడ్జిలో న్యూటన్ కూర్చున్న ఆచార్య పదవిలో డిరాక్ 1932 నుంచి 1969 దాకా ఉన్నారు. మన దేశం నుంచి వెళ్ళిన హరీశ్‌చంద్ర ఆయన దగ్గరే పరిశోధన చేశారు. ఆ తర్వాత డిరాక్ అమెరికాలో ఫ్లారిడా రాష్ట్రంలోని టలహాసీకి వెళ్ళిపోయారు. అక్కడ 1980 ప్రాంతంలో ఒక సాయంత్రం ఇంటికి వచ్చిన ఒక ఆచార్యుడి ముందు ఆయన ఉన్నట్టుండి నోరు విప్పారు. ఆ ఫ్రెంచి భోజనాల గురించి, తండ్రి గురించి రెండు గంటలు ఆపకుండా చెప్పారు. అరవై ఏళ్ళ నాటి కోపం ఇంకా చల్లారలేదు. మరోసారి ఉపన్యాసానికి పిలవడానికి వచ్చిన ఒక యువ శాస్త్రవేత్తతో, తనకి చెప్పడానికేమీ లేదనీ తన జీవితం విఫలమైందనీ అన్నారు. నోబెల్ వచ్చిన మనిషి, పాఠ్యపుస్తకాల్లో పేరున్న మనిషి! విన్నవాడు నిర్ఘాంతపోయాడు.

ఇప్పుడు ఆ భోజనాల బల్ల దగ్గరికి వద్దాం. 2009లో గ్రాహం ఫార్మెలో రాసిన పెద్ద జీవిత చరిత్రలో, డిరాక్‌కి ఆటిజం ఉండి ఉండాలని వాదిస్తాడు. మాటని మాటగానే తీసుకోవడం, ఎదుటివాళ్ళ మనసు పట్టుకోలేకపోవడం, మారని అలవాట్లు, ఒకే విషయం మీద ఏళ్ళ తరబడి నిలిచే ఏకాగ్రత, ఇవన్నీ లెక్కలోకి తీసుకున్నాడు. అంటే తండ్రి ఆయన్ని మూగవాణ్ణి చెయ్యలేదు, పుట్టుకతోనే అలాంటి పిల్లవాడికి ఆ బల్ల నరకమైంది అని అర్థం. పోయినవాళ్ళని పరీక్ష చెయ్యలేం కదా, ఇది ఊహే అని ఒప్పుకోని వాళ్ళూ ఉన్నారు, వాళ్ళదీ న్యాయమే. నాకు మాత్రం ఫార్మెలో మాట సబబుగా తోస్తుంది. అలాగని తండ్రిది తప్పు కాదనడం లేదు. ఫీలిక్స్ సంగతి తెలిశాక అలా అనలేం.

ఆటిజం అనే మాటని పిల్లల విషయంలో ఇప్పటి అర్థంలో కానర్ వాడింది 1943లో. అప్పటికి డిరాక్‌కి నలభై దాటింది. ఆస్పెర్జర్ జర్మన్‌లో రాసింది ఇంగ్లీషు చదివేవాళ్ళకి లోర్నా వింగ్ వివరంగా పరిచయం చేసింది 1981లో. అప్పటికి ఆయనకి దాదాపు ఎనభై. ఆ పేరు ఆయన దాకా వచ్చినా, పరీక్షకి చిన్నప్పటి సంగతులు చెప్పేవాళ్ళు ఎవరున్నారు? తండ్రి లేడు, తల్లి 1941లోనే పోయింది. మిగిలింది ఆ బల్ల జ్ఞాపకం ఒక్కటే. ఆయన 1984 అక్టోబరు 20న టలహాసీలో కన్నుమూశారు. 1995లో లండన్ వెస్ట్‌మినిస్టర్ ఆబేలో న్యూటన్ సమాధి దగ్గర ఆయన పేరున ఒక పలక వేశారు, దాని మీద ఆ సమీకరణం చెక్కారు.

పిన్నికి పరీక్ష ఇంకా పూర్తి కాలేదు. వచ్చే నెల మూడోసారి రమ్మన్నారు. ఈసారి తల్లిని కూడా తీసుకురమ్మన్నారు, మూడేళ్ళ వయసులో ఎలా ఆడుకునేది, పిలిస్తే పలికేదా అని అడగడానికి. మా అమ్మమ్మ అప్పుడే గుర్తున్నవన్నీ ఒక నోటుబుక్కులో రాసుకుంటోంది.