నింగికెగసిన కర్నాల్ అమ్మాయి

ఇంట్లో అందరికీ ఆమె ‘మోంటూ’. బడిలో చేర్చేటప్పుడు ఏ పేరు రాయించాలంటే కల్పన అని తనే ఎంచుకుందట. హర్యానాలోని కర్నాల్‌లో 1962 మార్చి 17న పుట్టింది. నలుగురు పిల్లల్లో చివరిది. ఊళ్లో ఫ్లయింగ్ క్లబ్ ఉండేది. నెత్తిమీద ఎగిరే విమానాలు చూస్తూ పెరిగింది.

చండీగఢ్ ఇంజనీరింగ్ కాలేజీలో ఏరోనాటికల్ తీసుకుంటానంటే, ఆడపిల్లకి అదెందుకు, ఇంకేదైనా తీసుకోమని మాస్టార్లు నచ్చజెప్పారు. వింటేగా! 1982లో పట్టా పుచ్చుకుని అమెరికా వెళ్లింది. 1983లో జీన్ పియర్ హారిసన్‌ని పెళ్లాడింది. 1988లో డాక్టరేటు వచ్చింది. 1994 డిసెంబరులో నాసా ఎంపిక చేసింది.

1997 నవంబరులో కొలంబియా నౌకలో తొలి ప్రయాణం. ఆమె వదిలిన స్పార్టన్ ఉపగ్రహం అదుపు తప్పింది. వేళ్లన్నీ ఆమెవైపే చూపించాయి. తీరా విచారిస్తే సాఫ్ట్‌వేర్‌లోనూ, సిబ్బందీ కింది కంట్రోలువాళ్లూ పాటించిన పద్ధతుల్లోనూ లోపాలున్నాయని తేలింది. నింద మోసిన మనిషికి రెండో అవకాశం రావడం అంత సులువా? వచ్చింది. 2003 జనవరి 16న, అదే కొలంబియాలో.

రోదసి అంటే మనకు నక్షత్రాలే గుర్తొస్తాయిగానీ, అక్కడ అసలు సంసారమంతా గాలితోనే. మూసిన గదిలో ఏడుగురు. వదిలిన ఊపిరే విషమవుతుంది. బొగ్గుపులుసు వాయువును పీల్చుకునే లిథియం హైడ్రాక్సైడ్ డబ్బాల్ని ఎప్పటికప్పుడు మార్చుకోవాలి. బరువన్నది తెలియదు గనక వేడిగాలి పైకి పోదు, ఫ్యాన్లు ఆగకుండా తిరగాల్సిందే. కొత్తగూడెం గనుల్లోకి మనిషిని పంపే ఇల్లాళ్లకి ఈ గాలి సంగతి నేను చెప్పక్కర్లేదు. ఆ ప్రయాణంలోనే ప్రయోగశాలలో తేమ లాగే యంత్రాలు మొరాయించాయి. ఎలాగో నెట్టుకొచ్చారు.

దిగేటప్పుడు ఇంకో తంటా. లోపలి వేడిని వదిలే రేడియేటర్లు నౌక తలుపులకు లోపలివైపు ఉండేవి. దిగేముందు ఆ తలుపులు మూసెయ్యాల్సి వచ్చేది. అప్పుడిక నీళ్లు చిమ్మి, ఆవిరి చేసి, దాంతోపాటు వేడిని సాగనంపేవాళ్లు. మన భద్రాచలం ఎండల్లో మట్టికుండ చేసే పనే అది! బాగా కిందికొచ్చాక అమ్మోనియాతో చల్లబరిచేవాళ్లు. ఒంటిమీద నారింజరంగు సూటు. హెల్మెట్ అద్దం దించితే సూటులోంచి ఆక్సిజన్ గదిలోకి చేరి నిప్పు భయం పెరుగుతుంది. అందుకని అద్దాలు ఎత్తే ఉంచుకునేవాళ్లు.

బయలుదేరిన 82 సెకన్లకే ట్యాంకు మీంచి ఊడిన ఫోమ్ ముక్క ఎడమరెక్క అంచుకు తగిలింది. కిలో బరువైనా లేదు. ఫోటోలు తీయించి చూద్దామని కొందరు ఇంజనీర్లు అడిగారు. పైవాళ్లు వద్దనుకున్నారు. ఆ నిర్లక్ష్యం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఫిబ్రవరి 1, శనివారం. మనకి సాయంత్రం ఏడున్నర. నేల తాకడానికి ఇంకా 16 నిమిషాలు. రెక్క చిల్లులోంచి మంటలాంటి గాలి దూరింది. టెక్సాస్ మీద నౌక ముక్కలైంది. గదిలో గాలి ఎంత వేగంగా పోయిందంటే, హెల్మెట్ అద్దం దించుకునే వ్యవధి కూడా వాళ్లకు దొరకలేదని 2008లో నాసా నివేదిక తేల్చింది. దించుకున్నా బతికేవాళ్లు కాదట. పోయిన ఏడుగురిలో ఇంకో ఆడమనిషి, లారెల్ క్లార్క్, డాక్టరు. ఆమెకో కొడుకు.

కల్పన కోరిక ప్రకారం చితాభస్మాన్ని యూటా రాష్ట్రంలోని జయాన్ పార్కులో చల్లారు. 2002 సెప్టెంబరులో మన శ్రీహరికోట నుంచి ఎగిరిన మెట్‌శాట్‌కి, ఆమె పోయిన నాలుగోరోజున కల్పన-1 అని పేరు మార్చారు. ఏళ్ల తరబడి అది మన మబ్బుల బొమ్మలు పంపింది.